ఎడమకు లాగే కారు

బుధవారం, అందరూ పడుకున్నాక

యాక్సిలరేటర్ తొక్కితే కారు ఎడమకు లాగేది, వదిలితే తిన్నగా పోయేది. టైర్లు మార్చినా, అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదు. పొద్దున మామయ్య తేల్చేశారు: "నీకు తోలడం రాలేదమ్మా. సాయంత్రం బేరగాడొస్తాడు, అమ్మేద్దాం." రోజూ మా పడవ చేపలు ఈ కారులోనే నెల్లూరు మార్కెట్‌కు చేర్చేది నేను. అమ్మనివ్వకూడదనుకున్నాను.

జాకీ ఎత్తి, స్టాండు పెట్టి కిందికి దూరాను. ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌ను గడ్డపారతో కదిపితే వదులుగా ఊగింది. దాని రబ్బరు బుష్ చిరిగిపోయి ఉంది. ఆ ఇనుముకే నీలం నైలాను పోగులు చిక్కుకున్నాయి.

పడవ మోకు! ఆమధ్య మైపాడు ఇసుకలో కారు కూరుకుపోతే, మామయ్య కారు కింద చేతికందిన ఇనుముకు మోకు కట్టి, పడవను లాగించినట్టే అందరిచేతా లాగించారు. సంతోషంతో వాళ్లకు టీలు ఇప్పించింది నేనే.

మెల్లగా షెడ్డుకు తోలుకెళ్లి కొత్త ఆర్మ్ వేయించాను. తిరిగొచ్చేటప్పుడు ఎంత గట్టిగా తొక్కినా కారు పక్కకు పోలేదు.

పోగులు తెచ్చి, ఎక్కడ చిక్కుకున్నాయో చెప్పి మామయ్య చేతిలో పెట్టాను.

"మరి యాడ కట్టాల్నమ్మా?"

కారు ముందు, లాగడానికే ఉన్న కొక్కెం చూపించాను. వంగి వేళ్లతో తడిమారు.

బేరగాడు రాగానే మాత్రం గడప దగ్గరే ఆపేశారు. "అమ్మేది లేదబ్బా. పొద్దున్నే మా కోడలు మార్కెట్‌కు పోవాల."

కుడివైపు బుష్ కూడా రేపు చూస్తాను. అటు కూడా కట్టారేమో... ఆయన్ను మాత్రం అడగను.