చేత్తో పెట్టిన బోల్టు

మార్చి 7, శనివారం

మా కారుకు కొత్త స్టీరింగ్ రాక్ వచ్చింది, చక్రాలను తిప్పే కడ్డీ! కర్నూలు నుంచి బస్సులో, పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్నట్టు తెచ్చాడు మా కొడుకు శీను. పాతది అరిగిపోయింది. సోమవారం మహానందిలో మనవరాలికి పుట్టువెంట్రుకలు. ఇన్నేళ్లకు పుట్టిన బంగారం! సొంత కారులోనే పోవాలి. నా కాళ్లు నేల మీద నిలవడం లేదు.

మార్చి 8, ఆదివారం

పొద్దున్నుంచి శీను కారు కిందే. రాక్ కూర్చుంది. పైన స్టీరింగు నుంచి వచ్చే షాఫ్టును దానికి తగిలించడమే కష్టం... వాటి పళ్లలో ఒక్క పన్ను అటూ ఇటూ అయితే స్టీరింగు వంకర. మళ్లీ మళ్లీ ఊడదీశాడు.

"రెండిటినీ పట్టే బోల్టు చేత్తోనే పెట్టినా నాయనా. రోడ్డు మీద నేరుగా పోతాందో లేదో చూసి, పానాతో బిగిస్తా."

"అది ఊడితే?"

"నువ్వు స్టీరింగు తిప్పుతాంటావు, చక్రాలు తిరగవు. అంతే!"

నవ్వాడు. నవ్వే మాటేనా అది?

సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కోడుమూరు రోడ్డు మీద ఒక చుట్టు. గీత గీసినట్టు పోయింది! ఇంటి ముందు ఆపాడో లేదో, నేనే చెయ్యి పట్టి దించి నోట్లో లడ్డు పెట్టాను. వీధంతా పంచాను. ఎంత సంతోషం దేవుడా...

మార్చి 9, సోమవారం

కారు బయల్దేరింది. వెనక సీటు వియ్యపురాలికి, మేనమామకు. పుట్టువెంట్రుకలకు పాపను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కదా. మేమిద్దరం బస్సుకు.

స్టీరింగు మీద వాడి చేతులు చూస్తూనే చేత్తో పెట్టిన బోల్టు గుర్తొచ్చింది. లడ్డు తిన్నాక వాడు మళ్లీ కారు కింద దూరనే లేదు.

"ఒరే శీ—"

నా భార్య చేత్తో నా నోరు మూసింది. "శుభమా అని పోతాంటే ఎనక నుంచి పిలుస్తావా? బుద్ధుండాదా?"

ఆగిపోయాను. కారు మలుపు తిరిగింది.

ఫోను ఎత్తడు. నడిపేటప్పుడు ఎత్తొద్దని నేర్పింది నేనే.

"రాత్రి బిగించింటాడులే" అంటుంది ఈమె. బిగించే ఉంటాడు... బస్టాండులో కూర్చున్నాం, బస్సు ఇంకా రాలేదు.

ఇప్పుడే కోడలు ఎత్తింది.

"నంద్యాల దాటినాం మామా. స్టీరింగు ఎన్నపూస మాదిరి తిరుగుతాందంట! నీకు చెప్పమంటాండాడు."

నిన్న అంత తేలిగ్గా లేదు. బోల్టు వదులవుతోంది!

"యాడుంటే ఆడనే ఆపమను తల్లీ!"

"ఆ? ఏంది మామా?"

వెనక పాప కేరింత. లైను తెగింది.

మళ్లీ చేస్తున్నాను. మోగుతోంది...