తారు మీద సున్నపునీళ్లు

ధర్మవరం, 1979. శుక్రవారం రాత్రి.

రోజూలాగే ఈ తెల్లవారుజామున కూడా నేతగాడు ఓబులేసు నల్లపట్టు పోగుల పడుగును వీధి పొడవునా సాగదీసి కట్టాడు. పాలాయన సైకిల్‌తో నేరుగా అందులోకి దూసుకెళ్లాడు. పోగులు తెగాయి. ఆయన చెయ్యి విరిగింది.

"దీపం వెలుగుతానే ఉండాది సార్, పడుగే కనపడల్యా. మట్టిరోడ్డప్పుడు ఇట్ల యాడయింది?" అన్నాడు ఓబులేసు, పొద్దున నేను చూడటానికి వెళ్తే.

నిజమే. తెల్లమట్టి వీధిదీపం వెలుతురును తిరిగి కళ్లకు ఇచ్చేది. కొత్త తారు మింగేస్తోంది. తారు వేయకముందే వెలుతురు చూసి, "ఈ బల్బులు చాలు" అని మునిసిపాలిటీ కాగితం మీద సంతకం పెట్టిన వీధిదీపాల ఇంజనీరును నేనే. ఆ మాట అతనికి చెప్పలేకపోయాను.

సాయంత్రం మళ్లీ వెళ్లేసరికి ఓబులేసు భార్య తారు మీద సున్నపునీళ్లు చల్లుతోంది.

"తెల్లగుంటే రేపు పడుగు కనపడతాది సార్" అంది.

బకెట్ అందుకుందామనుకున్నాను. ఆ సంతకం పెట్టిన చెయ్యి రాలేదు.