తల్లి పేరు రాసే చోట

అమ్మా సుజాతా,

నువ్వు పోయి ఈ రోజుకు నాలుగేళ్ళు. నువ్వుండగా నీతో సరిగ్గా నాలుగు మాటలు మాట్లాడలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన వారం నీ కూతురు ఫోన్ చేసింది. "తాతా, ఈమె నా సెల్లు లాక్కునింది. నేనీడ ఉండను, వచ్చి నన్ను పిల్చుకోని పో" అని ఏడ్చింది. మీ ఆయన మళ్ళీ చేసుకున్న లక్ష్మి మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. పిల్ల బట్టలకని ఒక ఖాళీ సంచీ తీసుకుని కుప్పంలో బస్సెక్కాను.

మదనపల్లెలో ఇంటికి తాళం వేసి ఉంది. లక్ష్మీ, పిల్లా ఇద్దరూ బడికి పోయారని పక్కింటామె చెప్పింది. బడిలో టెన్త్ పరీక్ష ఫారాలు నింపుతున్నారు. లక్ష్మి మండీలో టమోటాలు ఏరే పని మధ్యలో వదిలి వచ్చినట్టుంది, చేతులకు ఇంకా మరకలున్నాయి. నీ కూతురు మూతి ముడుచుకుని పక్కన నిలబడి ఉంది.

"తల్లి పేరు నీదేనామ్మా?" అని అడిగాడు అయ్యవారు.

"నాది యాల సార్? సుజాత అని రాయండి. కన్నది ఆమె గదా," అనింది లక్ష్మి. "పరీక్షలయ్యేదాకా సెల్లు మాత్రం ఇచ్చేది లేదు."

"సూడు తాతా!" అంది పిల్ల. అంటూనే, ఫారం మీద వేలిముద్ర వేసిన లక్ష్మి వేలికున్న సిరాను తన తెల్ల చున్నీతో తుడిచింది.

నాతో రమ్మని నేను పిల్లను అడగలేదమ్మా. ఖాళీ సంచీతోనే తిరిగొచ్చాను.

ఫారంలో నీ పేరు తప్పు లేకుండా రాశారా అని చూశాను. సరిగ్గానే ఉంది. చావు సర్టిఫికెట్టు తర్వాత నీ పేరు కాగితం మీద చూడటం ఇదే మొదటిసారి.

మీ నాయన