బుడ్డదాని గొంతు

జూన్ 4

ఇవాళ్టి నుంచి కారుని పాడుచెయ్యడం మొదలుపెట్టాను.

పాడుచెయ్యడమే. ఇంకో మాట లేదు. ఏళ్ళ తరబడి ఇద్దరం కలిసి ఒక్కొక్క పార్టు కొని, విప్పి, మార్చి, బిగించి, ఈ బుడ్డ హ్యాచ్‌బ్యాక్‌ని రోడ్డుకి అతుక్కుని పరిగెత్తేలా తయారు చేశాం. ఇప్పుడు అవన్నీ పీకేసి, షోరూంలోంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చెయ్యాలి. మెత్తగా, చప్పగా.

నిన్న హాస్పిటల్ నుంచి వస్తుంటే మా వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్. నడిచేవాళ్ళు మమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగానే ఎక్కించాను. అయినా మేడం కింది పెదవి కొరుక్కుంది. ఏమీ అనలేదు. నాకు ప్రాణం పోయినట్టయింది. మామూలుగా అయితే నా డ్రైవింగ్ మీద తిట్ల దండకం చదివే మనిషి.

జబ్బు వెన్నెముకలోకి పాకిందని మొన్ననే డాక్టర్ చెప్పాడు. కుదుపులు తగలకుండా చూసుకోమన్నాడు. అంబులెన్స్‌లో తీసుకురమ్మన్నాడు. ఒక్కసారి ఆ ముచ్చటా తీరింది. మేడం స్ట్రెచర్ మీద పడుకునే, క్లచ్ మీద కాలు ఆనించి ఎందుకు నడుపుతున్నావని ఆ డ్రైవర్‌కి క్లాసు పీకింది. ఇంటికొచ్చాక, ఇంకెప్పుడూ అది ఎక్కనంది. వెళ్తే మన కార్లోనే అంది.

సరే. అయితే కారే మారాలి.

జూన్ 6

మేడం అంటే మా ఆవిడ. ఎవరూ చదవని డైరీలో ఇది ఎందుకు రాస్తున్నానో తెలీదు. రాసుకుంటే బాగుంది.

నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. డ్రైవింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్. రోజంతా వచ్చీరాని వాళ్ళ పక్కన కూర్చుని, తన వైపు ఉన్న ఎక్స్‌ట్రా బ్రేక్ మీద కాలు పెట్టుకుని ఉండే ఉద్యోగం. బ్రేకే తప్ప యాక్సిలరేటర్ లేని బతుకైపోయిందని నవ్వేది. అందుకే ఈ కారు కొంది. నేను టెస్టు రెండుసార్లు తప్పాను. మూడోసారి పాసయ్యాను, తర్వాత పెళ్ళయింది. పిలుపు మాత్రం మారలేదు.

నా పక్కన కూర్చుంటే ఇప్పటికీ ఆవిడ కాలు ఊరుకోదు. లేని బ్రేక్‌ని నొక్కుతూ ఉంటుంది. ఆ వైపు మ్యాటుకి చిల్లు పడింది.

జూన్ 7

అటక మీంచి పాత స్ప్రింగులు దించాను. దుప్పట్లో చుట్టి పెట్టింది మేడమే. పారేద్దామంటే వద్దంది. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయంది. ఇలా పనికొస్తాయని ఇద్దరికీ తెలీదు.

మా గ్యారేజ్‌లో ఒక రూలు ఉంది. బోల్టు నేను బిగించాలి. ఆవిడ చూసి, బిగువు సరిపోయిందని చెప్పే టార్క్ రెంచితో ఇంకోసారి క్లిక్ అనిపించి, తెల్ల పెయింట్ మార్కర్‌తో బోల్టు మీంచి బాడీ మీదకి ఒక గీత గియ్యాలి. బోల్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. బిగించినవాడు గీత గియ్యకూడదు. తన పనికి తనే మార్కులు వేసుకునేవాడు టెస్టులో తప్పుతాడని ఆవిడ సిద్ధాంతం.

ఇవాళ పానా పెట్టి తిప్పగానే మొదటి గీత విరిగింది. 

జూన్ 8

స్ప్రింగ్ నొక్కే క్లాంపు జారింది. వేలు దక్కింది. గోరు నల్లబడింది. మేడంకి చెప్పలేదు.

జూన్ 15

మెత్తటి స్ప్రింగులు, పాత షాక్ అబ్జార్బర్లు పడ్డాయి. పెద్ద అల్లాయ్ చక్రాలు తీసేసి, చిన్న రిమ్ములూ లావు టైర్లూ వేశాను. ఇవాళ అదే స్పీడ్ బ్రేకర్ మీంచి తీసుకొచ్చాను. బుడ్డది ఒకసారి ఊగి దిగింది.

మేడం బాగా వెక్కిరించింది. ఇది కారు కాదు, పడవట. స్కూలు కారు కూడా ఇంతకంటే రోషంగా ఉంటుందట. నా పళ్ళన్నీ బయటపడ్డాయి. పెదవి కొరుక్కోలేదు, నాకు అది చాలు.

ఆవిడ తిడుతూనే లేని బ్రేక్ నొక్కుతోంది. ఇంటిదాకా నొక్కుతూనే ఉంది.

జూన్ 22

మరదలు వచ్చింది. మేడం చెల్లెలు. అక్క దగ్గర ఉండడానికి ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వచ్చింది. మంచి పిల్ల. కానీ నోరు ఊరుకోదు.

నేను కారు కింద దూరి ఇంజిన్ మౌంట్లు మారుస్తున్నా. మేం వేసిన గట్టివాటితో ఇంజిన్ వణుకంతా సీటులోకి వస్తోంది. వాటి చోట మెత్తటి రబ్బరువి వెయ్యాలి. మరదలు వచ్చి నిలబడింది. నాకు చెప్పులే కనిపిస్తున్నాయి. అక్క లోపల ఒక్కతే ఉంటే, బావ ఇనుముతో కాపురం చేస్తున్నాడంది. ఆ కారుకి పెట్టే టైం అక్కకి పెట్టకూడదా అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. ఇదీ అక్క కోసమేనని కారు కిందనుంచే అరిచాను. చెప్పులు వెళ్ళిపోయాయి. తర్వాత ఏడుపొచ్చింది. పైకి చూసి ఏడిస్తే నీళ్ళు చెవుల్లోకి పోతాయి.

లోపల ఏం చెయ్యాలో నాకు తెలీదు. మందుల పేర్లు మరదలికి తెలుసు. దిండు ఎటు జరపాలో మరదలికి తెలుసు. నాకు తెలిసింది ఈ పదమూడో నంబర్ పానా. నేనేం చెయ్యను?

జూన్ 25

ఒంటిని బిగించి పట్టే రేసు కారు బకెట్ సీటు తీసేశాను. వెనక్కి వాలే పాత సీటు వేశాను. మేడం ఆ బకెట్ సీటుని చేత్తో నిమిరింది. దాన్ని వరండాలో పెట్టించింది.

జూలై 2

ఇక మిగిలింది సైలెన్సర్.

ఇది మా ఇద్దరి గొప్ప. పేరుకి సైలెన్సర్, చేసేది దండోరా. లావుపాటి స్టీల్ గొట్టం. వీధి మూల మలుపులో సెకండ్ గేర్‌లోకి దింపితే బుడ్డది గొంతు సవరించుకున్నట్టు గుర్రుమంటుంది. ఎదురింటి పెద్దాయన దాని మీద ఏళ్ళుగా కత్తులు నూరుతున్నాడు.

కానీ హైవే మీద ఆ మోత లోపల గుయ్యిమని మోగుతోంది. మొన్న మేడం తల పట్టుకుంది. అది కూడా మార్చేస్తానన్నాను. ఉండనివ్వమంది. పర్వాలేదంది. రెండుసార్లు చెప్పింది. కారు మీద ప్రేమకొద్దీ అంటోంది అనుకున్నాను. మధ్యాహ్నం ఆవిడ నిద్రపోయాక విప్పేసి కంపెనీ సైలెన్సర్ బిగించాను.

స్టార్ట్ చేస్తే చప్పుడే లేదు. ఆన్ అయిందో లేదో మీటర్లో చూసుకోవాల్సి వచ్చింది. సాయంత్రం పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ముసలితనంలో కాస్త నిద్ర ప్రసాదించావన్నాడు. అందరికీ మేలే జరిగింది.

జూలై 9

ఇక తీసుకురావద్దన్నాడు డాక్టర్. తీసుకొచ్చి ప్రయోజనం లేదన్నాడు. నొప్పి తెలియకుండా చూసుకోమన్నాడు.

కారు ఇప్పుడు ఎంత మెత్తగా ఉందో. ఎక్కేవాళ్ళు లేరు.

జూలై 13

మళ్ళీ పనికి వెళ్తున్నాను. కళ్ళద్దాల షాపు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. ఇంట్లో ఉండి ఏం చేస్తావు, వెళ్ళు అని మేడమే తరిమింది.

సాయంత్రం నేను గదిలోకి వెళ్తే ఉలిక్కిపడుతోంది. చిరాకు పడుతోంది. దుప్పటి మొహం మీదకి లాక్కుంటోంది. నిన్న అయితే, దొంగలా వస్తావేంటని కసిరింది. మందుల ప్రభావం అనుకుంటా. నా మీద కోపమేమో కూడా. ఉంటే ఉండనీ. ఎవరో ఒకరి మీద ఉండాలిగా.

జూలై 16

మరదలు నన్ను గ్యారేజ్‌లోకి పిలిచి చెప్పింది. అక్కకి తెలియకూడదని ఒట్టు వేయించుకుంది. 

ఇదివరకు నేను మందులకో పార్టులకో వెళ్ళొస్తూ మూల మలుపు తిరగగానే మేడంకి వినబడేదట. వెంటనే చెల్లెల్ని పిలిచేదట. జుట్టు దువ్వించుకునేది. తడిగుడ్డతో మొహం తుడిపించుకునేది. దిండు ఎత్తు పెట్టించుకుని కూర్చునేది. నేను గేటు తీసి, కారు లోపల పెట్టి, చెప్పులు విప్పేసరికి ఆవిడ తయారు. నేను రోజూ చూసిన ఆ నవ్వు అలా సిద్ధం చేసిన నవ్వు.

నేను సైలెన్సర్ మార్చాక ఆ కబురు రావడం లేదు. ఎప్పుడొస్తానో తెలీదు. షాపులో ఒక్కో రోజు ఒక్కో టైం. అందుకని మధ్యాహ్నం నుంచే దిండు ఎత్తు పెట్టించుకుని, నడుం పీకుతున్నా అలాగే కూర్చుంటోందట. నొప్పి మందు వేసుకుంటే మగత వస్తుందని, నేను వచ్చేసరికి నోరు తెరుచుకుని పడి ఉంటానని, మందు వద్దంటోందట. అయినా ఒక్కోసారి కునుకు పడుతోందట. సరిగ్గా అప్పుడే నేను గుమ్మంలో ఉంటున్నాను.

కుదుపు తగలకూడదని ఊరంతా పడవలా తిప్పినవాణ్ణి నేనే. రోజూ మధ్యాహ్నం నుంచి నేను వచ్చేదాకా నొప్పితో కూర్చోబెట్టిందీ నేనే. ఉండనివ్వమని రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు.

జూలై 17

సెలవు పెట్టాను.

లావు గొట్టాన్ని బయటికి లాగి తుడిచాను. దాన్ని వేలాడదీసే రబ్బరు రింగులు బిగుసుకుపోయాయి. సబ్బునీళ్ళు రాసినా ఎక్కడం లేదు. ఇదివరకు అవతలి చివర ఎత్తి పట్టుకునేది మేడమే. జాక్ మీద ఆనిస్తే జారుతోంది.

ఎదురింటి పెద్దాయన గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఇంక పంచాయితీ తప్పదనుకున్నాను. ఏమైనా అంటే నేనూ అనేద్దామని నోరు రెడీగా పెట్టుకున్నాను. ఇదెందుకు మళ్ళీ అని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన పంచె పైకి కట్టుకుని, నేల మీద చతికిలబడి, గొట్టం చివర రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. బోల్టులు పడేదాకా వదల్లేదు. మొహం ఎర్రబడింది, ఆయాసం వచ్చింది, అయినా వదల్లేదు.

సైలెన్సర్ మళ్ళీ మారుస్తున్నానని మేడంకి చెప్పాను. ఆ చప్పుడు లేకపోతే నాకే తోచట్లేదన్నాను. నా వంక అనుమానంగా చూసింది. తర్వాత, గీత ఎవరు గీస్తారని అడిగింది. తను లేవలేదు. నేను గియ్యకూడదు. మార్కర్ చెల్లెలి చేతిలో పెట్టింది. మరదలు మంచి బట్టలతోనే కారు కిందకి దూరి, క్లాంపు బోల్టు మీద వంకరటింకర గీత ఒకటి గీసి వచ్చింది. నిటారుగా వచ్చిందా అని మేడం అడిగింది. స్కేలు పెట్టినట్టు వచ్చిందని మరదలు కళ్ళార్పకుండా అబద్ధం ఆడింది.

సాయంత్రం ఊరికే ఊరి చివరిదాకా వెళ్ళొచ్చాను. మూల మలుపు. సెకండ్ గేర్. గుర్రు. కారు ఆపి వెంటనే దిగలేదు. దువ్వడానికి, తుడవడానికి, దిండు సర్దడానికి పట్టే టైం లోపలే కూర్చున్నాను.

వెళ్ళేసరికి మేడం కూర్చుని ఉంది. పాపిడి తిన్నగా ఉంది. నవ్వింది. గేరు ఆలస్యంగా వేశావంది. నేనూ ఏమీ ఎరగనట్టు నవ్వాను. మధ్యాహ్నం మందు వేసుకుందట. బాగా నిద్రపోయిందట.

జూలై 21

పనికి వెళ్ళడం మానేశాను. కానీ రోజూ సాయంత్రం బయటికి వెళ్తున్నాను, తిరిగి రావడం కోసం.

జూలై 29

కూర్చోవడం అయిపోయింది. మాట కూడా ఒకటీ అరా. మరదలు ఆవిడ జుట్టు మాత్రం దువ్వుతోంది.

ఇవాళ ఒకటి చెప్పింది. మూల దగ్గర చప్పుడు వినబడగానే దుప్పటి కింద అక్క కుడికాలు కదిలిందట. పాదం ముందుకి నొక్కిందట. నిన్న కూడానట. తిమ్మిరేమో, మందు రాయాలేమో అని అడిగింది.

తిమ్మిరి కాదని చెప్పాను. ఆ మూల నేను స్పీడుగా తిరుగుతానని ఆవిడకి ఎప్పుడూ భయం.

ఆగస్టు 2

ఇవాళ నెమ్మదిగానే తిరిగాను. కాలు కదిలిందా అని గుమ్మంలోనే అడిగాను. కొంచెం అంది మరదలు. గీత నిటారుగా ఉందన్నప్పటి మొహమే పెట్టింది.

ఆగస్టు 4

మధ్యాహ్నం వెళ్ళిపోయింది. పక్కనే ఉన్నాను. ఆవిడ పాదం మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఆగస్టు 23

చుట్టాలు వెళ్ళిపోయారు. ఇవాళ మరదలూ వెళ్ళింది. బస్సు దాకా నేనే దించాను. దారిలో, కారు అమ్మేస్తావా బావా అని అడిగింది. చూద్దామన్నాను. అమ్మొద్దు అంది. దిగేముందు వంగి, ఆ చిల్లు పడ్డ మ్యాటుని సరిచేసింది.

ఖాళీ కారుతో మెయిన్ రోడ్డు మీంచే ఇంటి వెనక సందులోకి వచ్చేశాను. మూల వైపు వెళ్ళలేదు.

ఆగస్టు 30

పెద్దాయన వచ్చాడు. వరండాలో బకెట్ సీటులో కూర్చున్నాడు. ఈ మధ్య బండి చప్పుడు వినబడటం లేదేమని అడిగాడు. సందులోంచి వస్తున్నానన్నాను. సరే అన్నాడు. లేస్తూ, నిద్ర పట్టట్లేదయ్యా అన్నాడు.

సెప్టెంబర్ 6, సాయంత్రం

మూల మీంచి వచ్చాను. సెకండ్ గేర్, టైముకే వేశాను.

కారు ఆపి కూర్చున్నాను. దువ్వడానికి, తుడవడానికి, దిండు సర్దడానికి పట్టే టైం. తర్వాత లోపలికి వెళ్ళాను.