దేవదారు చెరువు గుడిసెలో ఎండు పుల్లలు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, హార్లో గ్రామవాసిని, “ఉత్తరాది అడవుల్లో ముప్పై చలికాలాలు” అనే పుస్తకం రాసిన లెమ్యుయెల్ ఫార్న్‌హామ్‌ను నేను. డెబ్బై రెండో ఏట, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. కాళ్ళు పనిచెయ్యడం లేదు గాని జ్ఞాపకం బాగానే పనిచేస్తోంది. అదీ పోయుంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. దీన్ని అమలు జరపవలసినవాడు నా మేనల్లుడు వెండెల్.

1. చెల్లెలు ఆల్మైరాకు అమ్మ ఊగుడు కుర్చీ. నేనిచ్చిన నా పుస్తకంలో ఆమె ఆకులు ఎండబెట్టుకుంది తప్ప ఒక్క పేజీ చదవలేదు. చదవనందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.

2. పొరుగింటి ఎఫ్రెయిమ్ పూరింగ్టన్‌కు నా గొడ్డలి తోలు ఒర. గొడ్డలి పదకొండేళ్ళుగా అతని దగ్గరే ఉంది.

3. దేవదారు చెరువు ఒడ్డున ఉన్న దుంగల గుడిసె, పడవ, మంచు మీద నడిచే జోళ్ళు గైడు ఆరిన్ హాస్కెల్‌కు. ఆ అడవుల్లో నన్ను తిప్పినవాడు అతనే. పుస్తకంలో నాదని చెప్పుకున్న విద్యలో సగం అతనిది.

4. ఈ కింది నిజం కూడా ఆరిన్‌కే చెందుతుంది. ఇరవై మూడేళ్ళుగా దాన్ని నేను అట్టేపెట్టుకున్నాను.

మా అడవుల్లో గుడిసె వదిలి వెళ్ళేవాడు పొయ్యి పక్కన ఎండు పుల్లలు, ఇట్టే అంటుకునే భూర్జ చెట్టు బెరడు, రేకు డబ్బాలో అగ్గిపుల్లలు పెట్టి వెళ్ళాలి. తరవాత వచ్చేవాడు ఏ స్థితిలో వస్తాడో ఎవరికి తెలుసు? 1889 మార్చిలో ఒక ఉదయం ఆ గుడిసెలో కూర్చుని సరిగ్గా ఈ ఆచారం మీదే అధ్యాయం రాశాను. కాఫీ చల్లారకుండా పుల్లలన్నీ పొయ్యిలో వేశాను. అధ్యాయం బాగా కుదిరింది. ఆ సంబరంలో అగ్గిపుల్లల డబ్బా జేబులో వేసుకుని ఊరికి వచ్చేశాను.

మర్నాడు చెరువు మీద గడ్డకట్టిన మంచు విరిగి ఆరిన్ నీళ్ళలో పడ్డాడు. అతని అగ్గిపుల్లలు తడిసిపోయాయి. పాక్కుంటూ గుడిసె చేరాడు. నిప్పు రాజేసుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఎడమచేతి మూడు వేళ్ళు చలికి చచ్చుబడి నల్లబడితే డాక్టరు తీసేశాడు.

నేను అతన్ని చూడబోయినప్పుడు, డబ్బా నా జేబులోనే ఉంది. “మంచు పల్చబడిందని చూసుకోలేదోయ్ లెమ్, తప్పు నాదే” అన్నాడు. నేను తలూపాను.

అంతటితో ఆగానా? తడి అగ్గిపుల్లలతో తిరిగే గైడును నమ్మవద్దని పుస్తకంలో రాశాను. పేరు రాయలేదు, కానీ ఊరందరికీ తెలిసింది. “ఏం ఆరిన్, ఇవాళైనా పొడిగా ఉన్నాయా?” అని అంగట్లో ఎగతాళి చేశారు. వేటకొచ్చే దొరలు వేరే గైడ్లను చూసుకున్నారు. ఆ తరవాత నేను ఏ చలికాలం వెళ్ళినా గుడిసెలో పుల్లలు నిండుగా ఉండేవి. అవి ఆరిన్ ఏడు వేళ్ళతో చీల్చిపెట్టినవి. నాకు సిగ్గుగా ఉండేది. అయినా వాటితోనే చలి కాచుకున్నాను.

5. తడి అగ్గిపుల్లల గైడు గురించిన ఆ పేజీ తీసేసి, నాలుగో అంశం అక్కడ వేసేదాకా నా పుస్తకం మళ్ళీ అచ్చు కాకూడదు.

6. నన్ను పూడ్చిన తరవాత వెండెల్ దీన్ని ఊరి సభలో ఆరిన్ ఎదుట చదివి, ఆ డబ్బా అతని చేతికివ్వాలి.

తేదీ: 1912 అక్టోబరు 14
లెమ్యుయెల్ ఫార్న్‌హామ్

ఆరో అంశం నా చేత్తోనే కొట్టేశాను. ఆరిన్ ఏం తిట్టినా నాకు వినబడని చోట పడుకుని ఉందామనుకున్నాను. అది మళ్ళీ తప్పించుకోవడమే. రేపు పొద్దున వెండెల్ బండి కట్టి నన్ను ఆరిన్ ఇంటికి తీసుకెళ్ళాలి. డబ్బా నా జేబులో ఉంటుంది. నేనే చదువుతాను.

లెమ్యుయెల్ ఫార్న్‌హామ్

సాక్షులు:
అమాసా ట్రెడ్‌వెల్, కమ్మరి
కోరా లిబ్బీ, బడిపంతులమ్మ