భయపడుకుంటనే నోరు విప్పినవ్, పిన్నీ

విజయ పిన్నీ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొగమంచుల మన మన్సూరాబాద్ కాలనీ కలల కనబడ్డట్టుంది. నా కథ అచ్చయింది. అందుల ఒక పిల్ల, దోస్తు యాసను అందరు ఎక్కిరిస్తుంటే క్లాసుల లేచి ఆపుతది.

యాదికుందా? అమ్మ దవాఖానల ఉన్నప్పుడు నా అన్నం పక్కనే ఉన్న మీ ఇంట్లనే. తెలంగాణ ఉద్యమం రోజులు, బస్సులు బంద్. నా పరీక్షకు దిల్‌సుఖ్‌నగర్ దాకా నువ్వే నడిపించినవ్. "నేను నోరు విప్పితే ఆంధ్రావాళ్ళమని తెలిసిపోద్దే" అని దారంత గుసగుసలాడినవ్.

ఎల్బీనగర్ చౌరస్తాల ఊరేగింపు ఎదురయింది. ఎండకు నేను కండ్లు తిరిగి పడిపోయిన. నువ్వు గట్టిగ అరిచినవ్.

"బాబూ, పిల్ల పడిపోయింది! కాసిని మంచినీళ్ళివ్వండి!"

డప్పు ఆగింది. నువ్వు నా తలను ఒళ్ళ పెట్టుకున్నవ్. జెండా పట్టుకున్న అన్న నీళ్ళ సీసా ఇచ్చి, "పరేషాన్ గాకమ్మా, తొవ్వ ఇస్తం" అన్నడు. అందరు పక్కకు జరిగిన్రు. జెండాల నీడల మనం నడుస్తుంటే నీళ్ళల్ల తేలుతున్నట్టనిపించింది. పరీక్ష రాసిన.

నిన్న ఒక కాలేజీ పిల్ల అడిగింది. "మేడం, కథల గా అమ్మాయికి అంత ధైర్యం ఎట్లొచ్చింది?"

"పక్కింటి పిన్ని దగ్గర పెరిగింది" అన్న.

కథల పిల్లకు వేరే పేరు పెట్టిన గని, పిన్నికి నీ పేరే ఉంచిన.

నీ,
సుజాత