రాహుకాలంలో పోయిన ట్యాక్స్ క్రెడిట్లు

మే 12, మంగళవారం. కమ్మింగ్, అమెరికా.

అల్లుడి ముఖాన అనలేని మాటలు ఇక్కడ రాసుకుంటే తప్ప ఈ రాత్రి నిద్ర పట్టదు.

తక్కువ అద్దె ఇళ్లు కట్టడానికి మురళి ప్రభుత్వమిచ్చే ట్యాక్స్ క్రెడిట్లకు దరఖాస్తు పెడుతున్నాడు. అవి వస్తేనే తమ పన్ను తగ్గుతుందని మదుపుదారులు ముందుకొస్తారు, అద్దె సామాన్యులకు అందుతుంది. గడువు ఈరోజు సాయంత్రం ఐదు. లెక్కలు నేనే సరిచూశాను. మూడింటికల్లా అంతా సిద్ధం.

"ఇప్పుడు రాహుకాలం అత్తయ్యా. నాలుగున్నర దాటాక సబ్మిట్ చేద్దాం," అన్నాడు.

"గడువు దాటిపోతే?"

"ఒక్క క్లిక్కే కదా! మీరు టెన్షన్ పడకండి."

ఆ క్లిక్కు తర్వాత వెబ్‌సైట్ గిర్రున తిరుగుతూనే ఉంది. ఇళ్ల డ్రాయింగులు సగం ఎక్కేసరికి ఐదయింది, పోర్టల్ మూతపడింది. మళ్లీ అవకాశం వచ్చే ఏడే. రాహుకాలం చూసింది కూడా హైదరాబాద్ క్యాలెండర్‌లో! రెండు మాస్టర్స్ డిగ్రీలున్న మనిషికి అక్కడా ఇక్కడా సూర్యుడు ఒకే వేళకు ఉదయించడని తోచలేదు. పైగా "మన టైమ్ బాలేదు అత్తయ్యా" అని నిట్టూర్పు ఒకటి.

మనవరాలి స్కూల్ బస్సు నడిపే గ్లోరియా ఇద్దరు పిల్లలతో చెల్లెలి ఇంటి హాల్లో పడుకుంటోంది. ఇళ్లు వస్తాయి, ఓపిక పట్టమని ఆమెకు చెప్పింది ఈ మురళే. ఇంకో ఏడాది ఆ హాల్లో...

ఇక జరగవలసినవి:

1. ఇళ్లకని మాట్లాడుకున్న స్థలాన్ని ఇంకో ఏడాది వేరేవాళ్లకు అమ్మకుండా ఆగమని దాని యజమానిని మురళి అడగాలి. ఆయన ఒప్పుకోకపోతే...
2. వచ్చేసారి గడువుకి వారం ముందే పంపాలి. క్లిక్ నేను చేస్తాను.
3. రేపు పొద్దున బస్సు ఆగినప్పుడు గ్లోరియాకి మురళి తానే చెప్పాలి. రాహుకాలమంటే ఏమిటో ఆమెకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పాలి. నేను పక్కన నిలబడి వింటాను.